డిక్రీ చేతపట్టుకొని వాకిట్లో వసూళ్లు

తెల్లవారి ఆరు కొట్టకముందే అప్పు ఇచ్చినవారు పంపిన మనుషులు ఇద్దరు మోటారు సైకిలు మీద వచ్చి వాకిట్లో కూర్చుంటారు. చెంబుతో మంచినీళ్లు అడిగి తాగుతారు. సెల్‌ఫోన్ తీసి అందులో ఒక కాగితం ఫొటో చూపిస్తారు. అది కోర్టు ఇచ్చిన డిక్రీ. ఇంగ్లిషులో ఉంటుంది కనుక ఇంటాయనకు అందులో తన పేరు, అంకెలు తప్ప మరేమీ తెలియదు. ‘కాకా, కోర్టే చెప్పింది గదా, ఇయ్యాల పైసలు కట్టకుంటే రేపు పోలీసులతోని వస్తం’ అంటారు. బియ్యం డబ్బాలో దాచుకున్న రెండు వేలు తెచ్చి ఇస్తే లెక్కపెట్టుకుంటారు. రసీదు అడిగితే ‘రాసుకుంటంలే’ అని బండెక్కుతారు. పక్షం రోజులకు మళ్లీ వస్తారు. దేవరకొండ, అచ్చంపేట వైపు పల్లెల వాళ్లకు ఇది కొత్త ముచ్చట కాదు. అయితే, అలా వచ్చి కూర్చునే అధికారాన్ని వారికి ఏ కోర్టూ ఇవ్వలేదన్న సంగతి మాత్రం చాలామందికి నేటికీ తెలియదు.

డిక్రీ అంటే ఎవరు ఎవరికి ఎంత బాకీ అన్నది కోర్టు తేల్చి చెప్పడం. బాకీదారు కట్టకపోతే, గెలిచినవారు అదే కోర్టులో అమలు పిటిషన్, అందరి నోట నలిగిన మాటలో ఈపీ, వేసుకోవాలి. అందుకు చట్టం పన్నెండేళ్ల గడువు ఇచ్చింది. అక్కడి నుంచి జప్తయినా, వేలమైనా, అరెస్టయినా కోర్టు ఉత్తర్వుతోనే, కోర్టు ఉత్తర్వులు అమలు చేసే ఉద్యోగి అయిన అమీనా చేతుల మీదుగానే జరగాలి. ఆ అమీనా కూడా పొద్దుగూకిన తర్వాత, తెల్లవారక ముందు జప్తుకో అరెస్టుకో నివాసపు ఇంట్లోకి అడుగుపెట్టకూడదని సివిల్ ప్రొసీజర్ కోడ్ కట్టడి చేసింది. వారంటు ఉన్న అమీనాకే లేని స్వేచ్ఛ, ఫోన్‌లో ఫొటో తప్ప మరేమీ లేని వసూలు మనిషికి ఎక్కడి నుంచి వస్తుంది?

జైలు భయమే ఈ వసూళ్లకు పెట్టుబడి కనుక దాని సంగతి వివరంగా చెప్పుకోవాలి. డబ్బు బాకీ డిక్రీలో ఆడవారిని అరెస్టు చేయడానికి చట్టం ఒప్పుకోదు. మగవారినైనా, ముందుగా నోటీసిచ్చి, విచారణ జరిపి, కట్టే స్తోమత ఉండి కూడా ఎగవేస్తున్నారనో, ఆస్తిని దాచేస్తున్నారనో తేలితేనే సివిల్ జైలుకు పంపాలి. పేదరికం నేరం కాదని, కట్టలేకపోయినంత మాత్రాన జైల్లో పెట్టడం రాజ్యాంగం హామీ ఇచ్చిన స్వేచ్ఛకు విరుద్ధమని 1980లో జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ ధర్మాసనం జాలీ జార్జ్ వర్గీస్ కేసులో స్పష్టం చేసింది. పంపినా, అయిదు వేల రూపాయలు దాటిన బాకీకి మూడు నెలలకు మించి ఉంచడానికి వీల్లేదు. ఆ రోజులకు తిండి బత్తా కట్టవలసింది కూడా అప్పు ఇచ్చినవారే. చెల్లని చెక్కు కేసు వేరు. అది క్రిమినల్ కేసు, అందులో శిక్ష పడవచ్చు. ఈ రెండింటినీ కలగలిపి బెదిరించడం వసూలుదారులకు వెన్నతో పెట్టిన విద్య.

అంతకన్నా పెద్ద నష్టం మరొకచోట జరుగుతున్నది. మన పల్లెల్లో ప్రామిసరీ నోటు బాకీకి కొంత సొమ్ము కట్టినప్పుడల్లా ఆ నోటు వెనక చెల్లు రాయించుకోవడం తాతల నాటి అలవాటు. దావా పడ్డాక ఆ నోటు కోర్టు కట్టల్లోకి వెళ్లిపోతుంది. చెల్లు రాయడానికి ఇక కాగితమే ఉండదు. అయినా మనిషి పాత నమ్మకంతోనే రెండు వేలు, మూడు వేలు చేతిలో పెడుతూ ఉంటాడు. కోర్టు బయట కట్టిన సొమ్మును ఆ కోర్టులో నమోదు చేయించకపోతే అమలు జరిపే కోర్టు దాన్ని లెక్కలోకి తీసుకోదని కోడ్‌లోని 21వ ఆర్డరు, రెండో నిబంధన తెగేసి చెబుతున్నది. నమోదు చేయించమని బాకీదారు తానుగా అడగాలన్నా కట్టిన 30 రోజుల్లోగా అడగాలి, రాతపూర్వక రుజువు చూపాలి, లేదా అవతలివారు ఒప్పుకోవాలి. అంటే ఏడాది పాటు వాకిట్లో ఇచ్చిన ఇరవై, ముప్పై వేలు ఒక్క రోజు విచారణలో గాలికి పోవచ్చు. డిక్రీ పడిన తర్వాత కట్టదలచినవారు కోర్టులో జమ చేయాలి, లేదంటే బ్యాంకు ద్వారా పంపి ఆ రుజువుతో వెంటనే నమోదు చేయించాలి. పుణె, ముంబయి పనులకు పోయిన పాలమూరు కూలీ అక్కడి నుంచి పంపినా ఇదే పద్ధతి. చేతికి మాత్రం ఇవ్వకూడదు.

వడ్డీ లెక్క కూడా వసూలుదారు నోటి లెక్కగానే నడుస్తున్నది. నెలకు నూటికి మూడు రూపాయల వడ్డీ అంటే లక్షకు ఏడాదికి 36 వేలు. డిక్రీ తేదీ నుంచి అసలు మీద కోర్టులు సాధారణంగా వేసే వడ్డీ ఏడాదికి 6 శాతానికి మించదు. అంటే ఆరు వేలు. వ్యాపార లావాదేవీల్లో అంతకన్నా ఎక్కువ ఉండవచ్చు కానీ, అదీ డిక్రీలో రాసి ఉండాలి.

ఇక జప్తు సంగతి. కట్టుబట్టలు, వంటపాత్రలు, పడకలు, ఆచారం ప్రకారం ఆడవారు తీయకూడని మంగళసూత్రం వంటి నగలు, వ్యవసాయ పనిముట్లు, దుక్కిటెద్దులు, రైతు గానీ కూలీ గానీ తాను నివసిస్తున్న సొంత ఇల్లు, కూలి డబ్బులు జప్తుకు రావని సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ చెబుతున్నది. నెలకు పాతిక వేల జీతగాడి నుంచి ఎనిమిది వేలకు మించి పట్టుకోవడానికి లేదు. సాగు భూమికి మాత్రం ఈ రక్షణ లేదు. తాకట్టు పెట్టిన ఆస్తి సంగతి కూడా వేరు. ఇల్లు తమదేనన్న ధీమాతో భూమి మీద వచ్చిన జప్తు నోటీసును చూరులో చెక్కి మరచిపోయేవారు ఇది గమనించాలి.

అసలు చాలా డిక్రీలు పుట్టేదే అలా చూరులో చెక్కిన సమన్ల నుంచి. గద్వాల ప్రాంతంలో విత్తన పత్తి వేసే రైతులు అడ్వాన్సు కోసం విత్తన కంపెనీల దళారులైన ఆర్గనైజర్లకు సంతకం చేసిన ఖాళీ నోట్లు, ఖాళీ చెక్కులు ఇవ్వడం ఏళ్ల తరబడి ఉన్నదే. అందులో అంకె ఎవరు నింపారో అడగవలసిన రోజున రైతు కోర్టుకు పోకపోతే అతని వాదన వినకుండానే ఎక్స్‌పార్టీ డిక్రీ పడుతుంది. దాన్ని రద్దు చేయమని అడగడానికి గడువు 30 రోజులే. సమన్లు సరిగా అందకపోయి ఉంటే తెలిసిన రోజు నుంచి లెక్క. ఆ దరఖాస్తు వేయడానికి వకీలు ఫీజు లేదని వెనుకాడనక్కరలేదు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది. 15100 నంబరుకు ఫోన్ చేసినా దారి చెబుతారు.

అప్పు ఇచ్చినవారంతా రాక్షసులని మేము అనడం లేదు. పదవీ విరమణ సొమ్మును నమ్మి చేబదులిచ్చిన పంతులు, భర్త పోయాక వడ్డీ మీదే బతుకుతున్న ఇల్లాలు కూడా డిక్రీదారుల్లో ఉన్నారు. ఉన్న భూమిని బావమరిది పేరిట రాసి చేతులు దులుపుకునేవారినీ మిర్యాలగూడ, సూర్యాపేట బజార్లు చూశాయి. ‘ఐపీ పెట్టాడు’, అంటే దివాలా పిటిషన్ వేశాడు, అన్న మాట అక్కడ తిట్టుగా మారింది ఊరికే కాదు. డిక్రీ వచ్చిన తర్వాతే కక్షిదారు కష్టాలు మొదలవుతాయని బ్రిటిష్ కాలంలో మన కేసుల ఆఖరి అప్పీలు కోర్టయిన ప్రివీ కౌన్సిల్ 1872లోనే అన్నది. ఈపీలను ఆరు నెలల్లో తేల్చాలని సుప్రీంకోర్టు 2025 మార్చిలో మరోసారి ఆదేశించింది. ఆ తర్వాత తెప్పించిన లెక్కల్లో దేశమంతటా 8.8 లక్షలకు పైగా ఈపీలు పెండింగులో ఉన్నట్టు తేలింది. కోర్టు దారి ఇంత నెమ్మదిగా ఉన్నంత కాలం, వసూలు ముఠాకు కమీషన్ ఇచ్చి పని కానిచ్చుకుందామనే తలపు పుడుతూనే ఉంటుంది. ఆ తలపును మేము సమర్థించడం లేదు. దాని మూలం ఎక్కడ ఉందో చెబుతున్నాం.

పోలీసుల పాత్ర గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. డబ్బు బాకీల పంచాయితీ ఠాణా పని కాదు. ఇంటి మీదికి వచ్చి బెదిరించడం మాత్రం ఠాణా పనే. భారతీయ న్యాయ సంహితలో 351వ సెక్షన్ ఉన్నది అందుకే. బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీల ఏజెంట్లు పొద్దున ఎనిమిదికి ముందు, రాత్రి ఏడు తర్వాత ఫోన్ చేయరాదని రిజర్వు బ్యాంకు 2022 ఆగస్టులో చెప్పింది. ప్రైవేటు వడ్డీ వ్యాపారి మనుషులకు ఆ పాటి గడియారమైనా లేదు. ఠాణాలే దాన్ని చూపించాలి.

హైకోర్టును, జిల్లా న్యాయమూర్తులను మేము కోరుతున్నది పెద్దదేమీ కాదు. రెండు వేలు కోర్టులో జమ చేయడానికి పల్లె మనిషి వకీలు కోసం, చలానా కోసం ఒక రోజు కూలి పోగొట్టుకునే పరిస్థితి మారాలి. నల్లగొండలోనైనా, మహబూబ్‌నగర్‌లోనైనా కోర్టు ఆవరణలో ఒక కిటికీ దగ్గర కేసు నంబరు చెప్పి డబ్బు కట్టి రసీదు తీసుకునే వీలు ఉండాలి. డిక్రీ నకలుతో పాటు, ఎంత కట్టాలి, ఎక్కడ కట్టాలి, ఎవరి చేతికి ఇవ్వకూడదు, ఏవి జప్తుకు రావు అన్న వివరాలతో ఒక్క పేజీ కాగితం బాకీదారు ఇంటికి చేరాలి. ఆ కాగితం తెలుగులో ఉండాలి.