పన్నుకు మార్కులు సరే, మెడ సంగతేంటి?

డెంటల్ విద్యార్థుల మెడనొప్పి, నడుంనొప్పి మీద సర్వేలు వస్తూనే ఉన్నాయి. ఏ దేశంలో చేసినా సారం ఒకటే: పట్టా చేతికి రాకముందే చాలామందికి నొప్పులు మొదలవుతున్నాయి. వాటి వెనకే వచ్చే సలహాలూ మారవు. నిటారుగా కూర్చోండి, వ్యాయామం చేయండి, మంచి లూప్స్ (పన్నును పెద్దగా చూపే కళ్లజోడు) కొనుక్కోండి. అంటే తప్పూ విద్యార్థిదే, ఖర్చూ విద్యార్థిదే. నన్నడిగితే తప్పంతా మార్కుల షీటుది.

ఒకసారి బొమ్మ తలల మీద పళ్ల పని నేర్పే ఫాంటమ్ ల్యాబ్‌లోకి వెళ్లి చూడండి. పై దవడలో ఎడమవైపు వెనక పన్నుకు ఒక అమ్మాయి క్రౌన్ ప్రిపరేషన్ చేస్తోంది, అంటే తొడుగు వేయడానికి వీలుగా పన్నును చెక్కుతోంది. పాఠం ప్రకారం ఆ పన్నును మౌత్ మిర్రర్‌లో చూస్తూ చెక్కాలి. కానీ అద్దంలో అంతా తిరగబడి కనిపిస్తుంది, చెయ్యి ఒకవైపు కదిపితే బర్ (చెక్కే మొన) ఇంకోవైపు పోతున్నట్టుంటుంది. పైగా ఎయిరోటర్ (బర్ తిప్పే డ్రిల్) చిమ్మే నీళ్లకు అద్దం మసకబారుతుంది. టైమేమో అయిపోతోంది. దాంతో అద్దం పక్కన పెట్టి తలే వంచేస్తుంది. మెడ ముందుకు వంగి పక్కకు తిరుగుతుంది, కుడి మోచెయ్యి రెక్కలా లేస్తుంది. స్టూల్ అంతకుముందు బ్యాచ్ వదిలిన ఎత్తులోనే ఉంది. ఫాంటమ్ తల కాస్త తిప్పుకోవచ్చు గానీ, ఆ టెన్షన్‌లో స్క్రూ వదులు చేసే ఓపిక ఎవరికుంటుంది? (ఎడమచేతి వాటం వాళ్ల అవస్థ మళ్లీ వేరే. సామాను సాధారణంగా కుడిచేతి వాళ్ల కోసమే అమర్చి ఉంటుంది.)

ఇంతలో సార్ వస్తారు. సన్నటి మొన ఉన్న ప్రోబ్‌తో ఫినిష్ లైన్ (చెక్కుడు ఆగిన అంచు) తడుముతారు, టేపర్ (చెక్కిన పంటి గోడల వాలు) చూస్తారు, పక్క పన్నుకు గీత పడిందేమో చూస్తారు. పదికి ఎనిమిది వేసి వెళ్లిపోతారు. పక్క సీటులో అద్దంతోనే తంటాలు పడ్డ అబ్బాయికి ఆరు. రేపటి నుంచి ఆ అబ్బాయి ఏం చేస్తాడు? అద్దం పక్కన పడేస్తాడు. చూసీ చూడనట్టు పోవడం వరకే అయితే సరిపెట్టుకోవచ్చు. ఈ పద్ధతి వంకరగా కూర్చున్నవాళ్లకు మార్కులు వేసి మరీ దాన్ని అలవాటు చేస్తోంది.

ఆ అలవాటు ఖరీదు చిన్నదేం కాదు. మన తల బరువు సుమారు 5 కిలోలు. అది 60 డిగ్రీలు వంగితే మెడ ఎముకల మీద పడే భారం 27 కిలోల దాకా ఉంటుందని 2014లో వెన్నెముక సర్జన్ కెన్నెత్ హన్స్‌రాజ్ కంప్యూటర్ మోడల్‌తో అంచనా వేశారు. బరువుకన్నా చేటు చేసేది కదలకపోవడం. కండరం బిగబట్టి ఉన్నంతసేపూ దానికి రక్తం సరిగా అందదు. మూట మోసేవాడు మధ్యలో దించుకుంటాడు, పంటి మీద కళ్లు పెట్టినవాడు దించుకోడు. పళ్ల గార గీకే స్కేలింగ్ రోజు అయితే బొటనవేలి మొదట్లో లాగేస్తుంది. పరికరం పదును పోయిందంటే పట్టు ఇంకా బిగించాలి.

సామాను మారిస్తే సరిపోదా అంటారా? ఒకప్పుడు పంటి డాక్టర్లు నిలబడే పనిచేసేవారు. 1958లో పూర్తిగా వెనక్కి వాలే కుర్చీ వచ్చాక కూర్చుని చేయడం పెరిగింది. కాళ్లకు విశ్రాంతి దొరికింది, మెడకు దొరకలేదు. లూప్స్ సంగతీ అంతే. కొలతలు ఇచ్చేటప్పుడే వంగి కూర్చుంటే ఆ వంకర అద్దాల్లో బిగుసుకుపోతుంది.

సిలబస్ ఇప్పటికే నిండిపోయింది, ముందు పని రానివ్వండి, కూర్చునే తీరు తర్వాత అదే కుదురుతుంది అనే అధ్యాపకులు ఉన్నారు. వాళ్ల ఇబ్బంది నిజమే. కానీ చేతికి పని, ఒంటికి భంగిమ విడివిడిగా రావు. తప్పుగా ఈత నేర్చుకున్నవాడి చేత ఆ ఈత మాన్పించడం ఎంత కష్టమో నేర్పేవాళ్లకు తెలుసు.

అసలు జబ్బు డెంటల్ కాలేజీలకే పరిమితం కాదు. మన చదువులన్నీ చేసిన వస్తువునే చూస్తాయి, చేసినవాడిని చూడవు. నిద్రలేకుండా డ్యూటీ చేసిన జూనియర్ డాక్టర్‌ను మెచ్చుకుంటాం. వేళ్లు తిమ్మిరెక్కేదాకా రాసినవాణ్ని కష్టజీవి అంటాం. కుర్రాళ్ల ఒళ్లు ఊరికే దొరికే ముడిసరుకన్నట్టు వాడేస్తున్నాం. నొప్పిగా ఉందంటే ‘ఈ వయసులోనా?’ అని నవ్వుతాం. ఆ నవ్వుకు భయపడే చాలామంది నోరు విప్పరు.

భంగిమకు మార్కులు ఎలా వేస్తారన్న సాకు కూడా చెల్లదు. ‘రూలా’ అనే కొలమానం 1993 నుంచీ ఉంది. మెడ, నడుం, చేతులు ఏ కోణంలో ఉన్నాయో చూసి 1 నుంచి 7 వరకు స్కోరు వేస్తుంది. 7 వచ్చిందంటే పని తీరు వెంటనే మార్చాలని అర్థం. పక్కనుంచి ఫోన్‌తో ఒక ఫొటో తీస్తే కోణాలు చాలావరకు తెలిసిపోతాయి. పదిలో రెండు మార్కులు దీనికి పెట్టండి. ప్రాక్టికల్ పరీక్షలో ఎగ్జామినర్ ప్రోబ్ తీయకముందే స్టూల్ ఎత్తు, ఫాంటమ్ తల, లైటు సరిచూడాలి. అవి కుదిరేదాకా విద్యార్థిని ఎయిరోటర్ ఆన్ చేయనివ్వకూడదు.