ముందు ఆ కోడిగుడ్ల అట్టలు గోడ మీంచి తీసేయండి

మళ్లీ వచ్చింది ఆ మెసేజ్. "సీనియర్ల దగ్గర రికార్డింగ్ నేర్చుకునే రోజులు పోయాయి. వాళ్లు ఏళ్ల తరబడి టీలు మోయిస్తారు తప్ప ఏమీ నేర్పరు. ల్యాప్‌టాప్, మైకు, గోడకు కోడిగుడ్ల అట్టలు చాలు. 192 కిలోహెర్ట్జ్ పెట్టండి, లెవెల్ ఎర్రగీత తాకనివ్వండి, తప్పులుంటే మిక్సింగ్‌లో సరిచేసుకోవచ్చు. అమెరికన్ గాయని బిల్లీ ఐలిష్ పడగ్గదిలోనే గ్రామీ కొట్టింది." పాడేవాళ్లు పంపుతున్నారంటే అర్థముంది. జన్మలో మైకు ముట్టుకోని వాళ్లు కూడా పంపుతున్నారు.

192 కిలోహెర్ట్జ్, అంటే శబ్దాన్ని సెకనుకు లక్షా తొంభై రెండు వేలసార్లు కొలవడం. ఆ సంగతి వదిలేద్దాం. దానివల్ల ఫైళ్లు లావెక్కుతాయి, లాభం హార్డ్‌డిస్కులు అమ్మేవాళ్లకే.

అట్టలు గదిలో కీచుదనాన్ని కాస్త తగ్గిస్తాయి, అంతే. 50 హెర్ట్జ్ లాంటి లోతైన శబ్ద తరంగం పొడవు దాదాపు 7 మీటర్లు. దాన్ని అట్టముక్క ఆపుతుందా? పక్కింటి మిక్సీ మోత ఎలాగూ వస్తుంది. నిప్పు రాజేయడానికి మాత్రం భేషుగ్గా పనిచేస్తాయి.

ఎర్రగీత అంటే మీటరులో లెవెల్ దాటకూడని హద్దు. దాన్ని తాకనివ్వమన్న సలహా టేపు కాలం నాటిది. టేపు బుస వినపడకూడదని లెవెల్ పెంచేవాళ్లు. ఇప్పుడు 24 బిట్ డిజిటల్ రికార్డింగ్‌లో లెవెల్ మైనస్ 10 డెసిబెల్స్ దగ్గర ఆగినా పోయేదేం లేదు. గీత దాటితే గొంతు చిరుగుతుంది, అది తిరిగి రాదు.

అసలు కొంప ముంచేది "మిక్సింగ్‌లో సరిచేసుకోవచ్చు" అన్న మాట. గాయని శ్రుతి తప్పుతోంది. ట్యుటోరియల్ చూసి నేర్చుకున్నవాడు వెంటనే శ్రుతి సరిచేసే పిచ్ కరెక్షన్ సాఫ్ట్‌వేర్ తెరుస్తాడు. అనుభవమున్న ఇంజనీరు ఆమె హెడ్‌ఫోన్‌లో ట్రాక్ సౌండు తగ్గించి, ఆమె గొంతు ఆమెకు వినపడేలా చేసి, మళ్లీ పాడమంటాడు. చాలాసార్లు గొడవ అక్కడితో సరి. "భ", "ఫ" దగ్గర మైకులోకి గాలి కొడుతుంటే ఫిల్టర్లు వెతకడు, మైకును కాస్త పక్కకు తిప్పుతాడు. మృదంగానికి రెండు వైపులా మైకులు పెట్టాక మోత పలచబడితే హెచ్చు తగ్గు స్వరాల మోతాదు మార్చే ఈక్యూ జోలికి పోడు, ముందు ఒక మైకు పొలారిటీ తిప్పి, అంటే దాని తరంగాన్ని తలకిందులు చేసి వింటాడు. ఇవన్నీ యూట్యూబ్‌లోనూ ఉన్నాయి, కాదనను. కానీ మీ గదిలో, ఈ గొంతుకు, ఈ క్షణంలో తప్పు ఎక్కడుందో యూట్యూబ్ వినలేదు కదా! పక్కన కూర్చున్న మనిషి వింటాడు. సరిగ్గా ఈ పాఠాన్నే ఎగ్గొట్టమంటున్నారు వీళ్లు.

"రూల్స్ నేర్చుకుంటే కొత్తగా ఆలోచించలేం" అని కింద ఒకాయన కామెంటు. జెఫ్ ఎమెరిక్ 1962లో, పదహారేళ్లకు, లండన్‌లో ఈఎంఐ అనే రికార్డింగ్ కంపెనీ స్టూడియోలో అసిస్టెంటుగా చేరాడు. పెద్దల పక్కన టేపులు తిప్పాడు, డిస్కులు కట్ చేశాడు. 1966లో బీటిల్స్‌కు ఇంజనీరయ్యాక బేస్ డ్రమ్ములో స్వెటర్ కుక్కి, కంపెనీ ఒప్పుకోనంత దగ్గరికి మైకు జరిపాడు. ఏ రూలును ఎందుకు మీరుతున్నాడో తెలిసిన మనిషి.

ఇక పడగ్గది. నిజమే, బిల్లీ ఆల్బమ్‌ను లాస్ ఏంజెలిస్‌లో ఆమె అన్న ఫినియస్ గదిలోనే రికార్డ్ చేశారు. 2019లో వచ్చిన ఆ ఆల్బమ్‌ను మిక్స్ చేసింది రాబ్ కినెల్స్కీ, మాస్టరింగ్, అంటే విడుదలకు ముందు తుది మెరుగు, జాన్ గ్రీన్‌హామ్. ఇద్దరూ అనుభవజ్ఞులే. 2020లో ఇంజనీరింగ్ గ్రామీ ఫినియస్‌తో పాటు వాళ్లకూ వచ్చింది. ఫార్వర్డ్ చేసేముందు ఆ పేర్లు ఎలా ఎగిరిపోయాయో!

టీల మాట మాత్రం అబద్ధం కాదు. కుర్రాళ్లతో కేబుళ్లు చుట్టించి, కన్సోల్ దగ్గరికి రానివ్వని స్టూడియోలున్నాయి. అక్కడ ఏళ్లు పోగొట్టుకున్నవాళ్ల కోపం న్యాయమే. అలాంటి చోటు వదిలేయండి. టేక్ అయ్యాక "నీకేం వినపడింది?" అని అసిస్టెంటును అడిగే ఇంజనీరును వెతుక్కోండి. జీతం తక్కువైనా సరే.