తాళం ఒక్కటే చాలదు, ముద్ర కావాలి

మొజంజాహీ మార్కెట్ దగ్గర నేను టీ తాగే బండికి క్యూఆర్ స్టిక్కరు ఒకటి అంటించి ఉంటుంది. ఒక మూల చిరిగింది, మధ్యలో టీ మరక. అయినా ఫోను చూపగానే చదివేస్తుంది. 1960లో రీడ్, సోలొమన్ అనే గణితజ్ఞులు ఇచ్చిన పద్ధతి చలవ అది. క్యూఆర్‌లో పై స్థాయి రక్షణ ఉంటే దాదాపు 30 శాతం చెడినా పోయిన భాగాన్ని లెక్కకట్టి రాబడుతుంది. మరి దాని మీద ఎవరైనా తమ స్టిక్కరు అంటిస్తే? ఫోను దాన్నీ అంతే చక్కగా చదువుతుంది. మరకకు దురుద్దేశం లేదు, మోసగాడికి ఉంది. ఒకదానికి వేసిన మందు రెండోదానికి పనిచేయదు.

సైబర్ మోసాల చర్చ వచ్చినప్పుడల్లా మనవాళ్లు అడిగేది ఒకటే: ఎన్‌క్రిప్షన్ ఉందా? అంటే ఇతరులు చదవలేకుండా సందేశాన్ని గుప్తంగా మార్చే తాళం ఉందా అని. ఆ ప్రశ్న సగమే. దారిలో ఎవరూ చదవలేదంటే ఎవరూ మార్చలేదని అర్థం కాదు.

తొలినాళ్ల వైఫైలో వెప్ అనే రక్షణ ఉండేది. సందేశాన్ని గుప్తంగా మార్చి, తేడా పసిగట్టడానికి సీఆర్‌సీ-32 అనే సరిచూపు అంకెను జోడించేది. తాళంచెవి తెలియకుండానే దారిలో బిట్లు, అంటే సందేశంలోని 0, 1 అంకెలు, తిప్పి, సరిచూపునూ తగినట్టు దిద్దేయవచ్చని 2001లో బర్క్‌లీ పరిశోధకులు తేల్చారు. దాని తీవ్రత తెలియాలంటే ఒక్క సంగతి చాలు. కంప్యూటర్ అక్షరమాలలో 1కీ 9కీ తేడా ఒకే ఒక్క బిట్టు. పంపే సొమ్ము ఎంతో ఏ చోట రాసి ఉందో తెలిస్తే చాలు, లోపలేముందో చదవకుండానే వెయ్యిని తొమ్మిది వేలు చేయవచ్చు. రహస్యం చెక్కుచెదరదు, సొమ్ము పోతుంది.

అందుకే ప్రతి సందేశానికీ లక్క ముద్ర లాంటిది ఉండాలి. పంపినవారి రహస్య తాళంచెవితో లెక్కకట్టిన ముద్ర. డిజిటల్ సంతకం అలాంటిదే. ఒక్క బిట్టు కదిలినా అది సరిపోలదు. తాళంచెవులు పంచడం, కాపాడడం పెద్ద పని అంటారు కొందరు. నిజమే. కానీ మాసబ్‌ట్యాంక్‌లోని బ్యాంకింగ్ సాంకేతిక పరిశోధన సంస్థ ఐడీఆర్‌బీటీ బ్యాంకుల కోసం, ఏ తాళంచెవి ఎవరిదో చెప్పే డిజిటల్ ధ్రువపత్రాలు జారీ చేసింది. 2000 నాటి ఐటీ చట్టం డిజిటల్ సంతకానికి చట్టబద్ధత ఇచ్చింది. ఆధార్ సురక్షిత క్యూఆర్‌లో సంతకం ఉంది, ఇంటర్నెట్ లేకుండానే సరిచూడవచ్చు. చేయలేమన్న మాట ఇక చెల్లదు.

లోపం మన కార్యాలయాల అలవాటులో ఉంది. సరిచూసుకునే హక్కు పౌరుడిదన్న ఆలోచనే వాటికి ఇంకా రాలేదు. ఆ మధ్య ఒక కార్యాలయానికి డిజిటల్ సంతకం ఉన్న ధ్రువపత్రం తీసుకెళ్లాను. ఫైలుగా ఉన్నంతవరకే ఆ సంతకానికి ప్రాణం. కాగితం మీదికి వస్తే అది ఉత్త బొమ్మ. గుమస్తా ఫోనులోని ఫైలు వైపు చూడనే లేదు. ప్రింటు తీయించి రమ్మన్నారు. తెచ్చాక, గెజిటెడ్ అధికారి గుండ్రటి స్టాంపు ఏదని అడిగారు.