పన్ను ఎక్కడ వసూలవుతుందో అక్కడే సత్యాగ్రహం

పన్ను కట్టబోమని తీర్మానించడానికి ఒక సాయంత్రం సభ చాలు. మర్నాటి నుంచి ఏం జరుగుతుందన్నదే అసలు సంగతి. వసూలుకు ఎవరొస్తారు? ఇవ్వకపోతే దేన్ని జప్తు చేస్తారు? జప్తు చేసినదాన్ని వేలంలో ఎవరు కొంటారు? బ్రిటిష్ పాలనలో మన దేశంలో జరిగిన పన్నుల సత్యాగ్రహాలను ఉపన్యాసాలు పక్కనపెట్టి ఈ మూడు ప్రశ్నలతో చదివితే, ఏది ఎందుకు నెగ్గిందో, ఏది ఎందుకు చతికిలబడిందో చాలావరకు తేటపడుతుంది.

భూమి శిస్తు సంగతి చూద్దాం. మద్రాసు రాష్ట్రంలోని రైతువారీ గ్రామాల్లో ప్రతి పట్టాదారు పేరునా విడిగా శిస్తు ఉండేది. దాన్ని కిస్తులుగా వసూలు చేసేది గ్రామ మునసబు, లెక్క రాసేది కరణం, కబురు మోసేది వెట్టి, తలారి. తహశీల్దారు ఎంత పెద్ద అధికారైనా కరణం తన పొలాల పద్దు, అంటే అడంగల్, తెరవనిదే ఏ చేను ఎవరిదో, ఎవరు ఎంత బాకీయో చెప్పలేడు. అంటే సామ్రాజ్యం మొత్తానికి ఖజానా దారి ఊళ్లో నలుగురైదుగురి చేతుల మీదుగా పోతోందన్నమాట. 1922 జనవరిలో గుంటూరు జిల్లా పెదనందిపాడు ప్రాంతంలో మొదలైన పన్నుల నిరాకరణ సరిగ్గా ఈ కీలు మీదే దెబ్బకొట్టింది. గ్రామోద్యోగులు రాజీనామాలు ఇచ్చారు. పర్వతనేని వీరయ్య చౌదరి నాయకత్వంలో శాంతిసేన ఊరూరా కాపలా కాసింది. జప్తుకు వచ్చిన అధికారులకు సాయపడే మనిషి దొరకలేదు, వేలం పాటకు పాడేవాడు రాలేదు. జప్తు చేసిన గొడ్డును కొనేవాడు లేకపోతే దాన్ని తోలుకుపోవాలి, మేపాలి, కాపలా పెట్టాలి. రాబట్టే బాకీ కన్నా ఖర్చే ఎక్కువయ్యే పరిస్థితి అది. సర్కారు రూథర్‌ఫర్డ్ అనే అధికారిని ప్రత్యేకంగా పంపింది, సైన్యాన్ని ఊళ్ల మీదుగా నడిపించింది.

ఇక్కడ సర్కారు చేతిలో ఉన్న పెద్ద ఆయుధం సైన్యం కాదు, పొలమే. గొడ్డును దాచవచ్చు, ధాన్యాన్ని తరలించవచ్చు, చేనును ఎక్కడికీ తీసుకుపోలేం. భూమి పోతుందన్న భయం మొదలైన రోజు నుంచి ప్రతి పట్టాదారూ పక్కవాడి వైపు చూస్తాడు. వాడు రహస్యంగా కట్టేశాడేమో అన్న అనుమానం ఒక్కటి చాలు, ఐక్యత సడలడానికి. పెదనందిపాడులో అది ఎంతవరకు నిలిచేదో పూర్తిగా తేలేలోపే 1922 ఫిబ్రవరిలో ఉత్తరాదిన చౌరీచౌరాలో జనం పోలీసు స్టేషను తగలబెట్టి పోలీసులను చంపారు, దాంతో కాంగ్రెసు శాసనోల్లంఘనను దేశమంతటా ఆపేసింది. స్థానికంగా బలంగా సాగుతున్న ఉద్యమం తన తప్పు లేకుండానే పైనుంచి ఆగిపోయింది. అంతకు ముందు నవంబరులో ఢిల్లీలో అఖిల భారత కాంగ్రెసు కమిటీ పన్నుల నిరాకరణకు అనుమతిస్తూ ఖద్దరు, నూలు వడకడం, అస్పృశ్యతా నివారణ, హిందూ ముస్లిం ఐక్యత వంటి షరతులు పెట్టింది. షరతులు మంచివే. కిస్తు గడువుకు మాత్రం వాటితో పనిలేదు, అది పంటతో పాటు వస్తుంది.

చీరాల-పేరాలది వేరే రకం పన్ను. 1919లో ఆ ఊళ్లను కలిపి మునిసిపాలిటీ చేయడంతో ఏడాదికి 4,000 రూపాయలుగా ఉన్న పన్ను భారం 40,000కు చేరింది. కట్టాల్సింది ఎక్కువగా చేనేత కుటుంబాలు. మునిసిపల్ పన్ను హద్దుకు కట్టుబడినది, హద్దు దాటితే పన్ను లేదు. 1921 ఏప్రిల్‌లో గాంధీ వచ్చి వెళ్లాక దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నడిపించిన ఉద్యమం ఈ తర్కాన్ని చివరిదాకా తీసుకుపోయింది: ఊరే హద్దు దాటింది. పదిహేను వేల పైచిలుకు జనాభాలో పదమూడు వేల మందికి పైగా ఇళ్లు వదిలి అవతల పాకలు వేసుకున్నారు. దానికి రామనగర్ అని పేరు పెట్టారు. ఇంత కచ్చితమైన, ఇంత ఖరీదైన నిరసన మన ప్రాంతంలో మరొకటి కనబడదు.

ఖరీదన్న మాట ఊరికే అనలేదు. గుంట మగ్గం మీద నేసేవాడు ఇల్లు మారడమంటే సామాను మోసుకోవడం కాదు. కాళ్లు పెట్టి తొక్కే గుంట మళ్లీ తవ్వాలి, గుంజలు పాతాలి, పడుగు సాచడానికి వీధి పొడుగునా చోటు చూసుకోవాలి. పాక కారితే గుంటలో నీళ్లు నిలుస్తాయి, పడుగు నూలు గంజి చెడుతుంది. నేత ఆగిన వారం కూలి లేదు. ఊరికి పన్ను మిగిలినా నేతగానికి సంపాదన పోయింది. గోపాలకృష్ణయ్యను జైల్లో పెట్టాక, చందాలు సన్నగిల్లాక, సుమారు పదకొండు నెలలకు జనం తిరిగి వచ్చేశారు. మునిసిపాలిటీ అలాగే ఉంది. ధైర్యం చాలక ఓడిపోయారనడం అన్యాయం. సర్కారు అక్కడ ఎదురుచూస్తే చాలు, ఎదురుచూపుకు దానికి పెద్దగా ఖర్చు లేదు.

పల్నాడులో పుల్లరి ఇంకో రకం. అడవిలో పశువులు మేపుకున్నందుకు కట్టే రుసుము కనుక, కట్టకుండా తోలుకుపోవడమే నిరాకరణ. అందువల్ల ప్రతి రోజూ, ప్రతి మందా అటవీ సిబ్బందితో ముఖాముఖి తలపడాల్సి వచ్చేది. ఇలాంటి చోట శాంతి నిలపడం అన్నిటికన్నా కష్టం. 1922 ఫిబ్రవరిలో కన్నెగంటి హనుమంతు పోలీసు కాల్పుల్లో చనిపోయాడు.

ఇక ఉప్పు. దీన్ని కట్టనని చెప్పే వీలే లేదు. పన్ను ఉప్పు తయారయ్యే చోటే ధరలో కలిసిపోతుంది, అంగట్లో కొనేవాడు తెలియకుండానే చెల్లిస్తాడు. కాబట్టి పన్ను కట్టకపోవడం బదులు సొంతంగా ఉప్పు చేయడం మొదలుపెట్టారు. 1930లో పన్ను మణుగుకు, అంటే సుమారు 37 కిలోలకు, రూపాయి నాలుగణాలు. లీటరు సముద్రపు నీళ్లలో దాదాపు 35 గ్రాముల లవణాలుంటాయి. పది లీటర్ల కుండ మరగబెడితే మహా అయితే 300 గ్రాముల ఉప్పు. దాని మీద సర్కారుకు పోయే పన్ను లెక్కగడితే సుమారు రెండు దమ్మిడీలు! చట్టాన్ని ధిక్కరించే ఖర్చు అంత తక్కువ, దాన్ని అడ్డుకోవడానికి తీరమంతా పోలీసులు కావాలి. జప్తు చేయడానికి మట్టి కుండ తప్ప ఏమీ లేదు. శిస్తు ఉద్యమానికి ఉన్న బలహీనత దీనికి లేదు.

చేసిన ఉప్పు చాలాచోట్ల చేదుగా వచ్చేది. సముద్రపు నీటిలో మెగ్నీషియం లవణాలు చివర్లో పేరుకుంటాయి. కుండ పూర్తిగా ఇగిరేదాకా మరిగిస్తే అవీ కలిసిపోతాయి. ఉప్పు గడ్డకట్టగానే అడుగున మిగిలిన చేదు నీటిని పారబోయాలి. చవుడు మన్నును నీళ్లలో కలిపి వడగట్టి, ఆ చిక్కటి నీటిని కాస్తే కట్టెలు ఆదా. వానలు పడితే ఇదంతా ఆగిపోతుంది. 1930 వర్షాకాలంలో ఉద్యమం లోతట్టు ప్రాంతాల్లో అడవి చట్టాల ఉల్లంఘన వైపు మళ్లడానికి ఇదొక కారణం. ఇంతా చేసి 1931 మార్చి గాంధీ-ఇర్విన్ ఒప్పందంలో దక్కింది తీరప్రాంతాల వాళ్లు తమ వాడకానికి ఉప్పు చేసుకునే వెసులుబాటు మాత్రమే. పన్ను 1947 దాకా పోలేదు.

అంకెల్లో గెలిచింది గుజరాత్‌లోని బార్డోలీ. 1928లో ఆ తాలూకా రైతులు శిస్తు వద్దనలేదు, 22 శాతం పెంపు మీద నిష్పాక్షిక విచారణ జరపమన్నారు. వల్లభ్‌భాయ్ పటేల్ తాలూకాను శిబిరాలుగా విడగొట్టి రోజూ పత్రిక పంచిపెట్టాడు. జప్తు బలగం వస్తోందని డప్పు మోగితే ఇళ్లకు తాళాలు పడేవి, గేదెలు నెలల తరబడి చీకటి గదుల్లోనే ఉండేవి. జప్తు సొత్తు కొన్నవాళ్లను కులం వెలివేసేది. ఇది అహింసేనా అని నాకు సందేహమే. దెబ్బ పడదు కానీ భయం మాత్రం అదే. పైగా ఈ పోరు పట్టాలున్నవాళ్లది. వాళ్ల పొలాల్లో తరతరాలుగా కట్టుబానిసల్లా పనిచేసే దుబ్లా అనే గిరిజన కూలీలకు ఈ తగ్గింపులో వాటా లేదు.

ఆగస్టులో రాజీ కుదిరింది. విచారణకు ముందే పెంపు సొమ్ము జమ కావాలని సర్కారు పట్టుబట్టింది, రైతులు కట్టబోమన్నారు. చివరికి రైతుల తరఫున కాకుండా మరొకరు ఆ సొమ్ము జమ చేశారు. ప్రభుత్వం పరువు దక్కించుకుంది, రైతులు మాట తప్పలేదు. జప్తు భూములు వెనక్కి వచ్చాయి, రాజీనామా చేసిన గ్రామోద్యోగులు మళ్లీ కొలువుల్లో చేరారు. బ్రూమ్‌ఫీల్డ్, మాక్స్‌వెల్ అనే ఇద్దరు అధికారుల విచారణ లెక్కలన్నీ తిరగేసి పెంపు ఆరు శాతం చుట్టుపక్కల చాలని తేల్చింది.