మన ఇంట్లో గేమ్‌బాయ్ ఎప్పుడుందిరా?

మొన్న ఆదివారం మా కజిన్ల వాట్సాప్ గ్రూపులో ఒక ఫార్వర్డ్ వచ్చింది. "మీరు 90ల పిల్లలైతే ఇవి చూడగానే కళ్ళు చెమర్చాలి" అని రాసి, కింద ఫోటోలు. బూడిద రంగు గేమ్‌బాయ్ ఒకటి, నింటెండో 64 ఒకటి, ఒరిజినల్ ప్లేస్టేషన్ ఒకటి, అన్నీ వీడియో గేమ్ మెషిన్లే. మావాళ్ళు పదిమంది గుండె గుర్తులు పెట్టారు. ఒకడైతే "ఆ రోజులే వేరురా" అని నిట్టూర్చాడు.

ఒరేయ్, నువ్వు పెరిగింది కావలిలో. నింటెండో 64ని నువ్వు జన్మలో ఎప్పుడైనా ముట్టుకున్నావా? నేనూ ముట్టుకోలేదు. ఆ ఫోటోల్లోది వేరే దేశపు పిల్లల చిన్నతనం. మనకంటూ ఒకటి ఉంది కదా, దాన్ని మూలన పడేసి పక్కవాళ్ళ జ్ఞాపకాలకి మనం ఏడవడమేంది? ఇది చెబుదామని గ్రూపులో మొదలుపెడితే పొడుగైపోయింది, అందుకే ఇక్కడ రాస్తున్నా.

మా ఇంట్లోకి వీడియో గేమ్ వచ్చింది 1998 వేసవి సెలవుల్లో. మా మావయ్య హాస్పిటల్ పని మీద మద్రాస్ వెళ్ళాడు. అప్పటికే పేరు చెన్నై అయింది కానీ నెల్లూరులో మాకెవరికీ నోరు తిరగలేదు. వస్తూ వస్తూ బర్మా బజార్‌లో ఆగాడు. బీచ్ స్టేషన్ ఎదురుగా రోడ్డు పొడుగునా చిన్న చిన్న కొట్ల వరస, బర్మా నుంచి తిరిగొచ్చిన కుటుంబాలు పెట్టుకున్నవి. సింగపూర్ సెంటు నుంచి టేప్ రికార్డర్ దాకా బిల్లు లేకుండా దొరికే చోటు. అక్కడ బేరమాడి ఏడొందలకి తెచ్చాడు. డబ్బాలో రెండు రిమోట్లు, నారింజ రంగు ప్లాస్టిక్ గన్ను, పసుపు రంగు క్యాసెట్. క్యాసెట్ మీద "99,99,999 ఆటలు" అన్న అర్థం వచ్చే అంకెలు. కోటికి ఒకటి తక్కువ! నాన్న ఆ అంకె చూసి ఇది మోసం అని అప్పుడే తేల్చేశాడు. ఆయన లెక్కల మాస్టారు.

మోసమే. పాతిక దాకా ఆటలు ఉండేవేమో. తర్వాతవన్నీ అవే ఆటలు, పేరు మార్చి, రెండో లెవెల్ నుంచి ఒకటి, ఐదో లెవెల్ నుంచి ఒకటి. ఆ సంగతి తెలిసినా నేను, మా చెల్లి మెనూలో సముద్రం, ఎగిరే పక్షులు చూస్తూ కింది బాణం నొక్కి పట్టుకుని గంటలు గడిపాం. నాలుగు వేల చిల్లర నంబరు దగ్గర ఎక్కడో ఒక కొత్త ఆట దాక్కుని ఉంటుందని చెల్లి గట్టిగా నమ్మేది.

ఆ డబ్బా ఏమిటో నాకు పదిహేనేళ్ళ తర్వాత తెలిసింది. 1983లో జపాన్‌లో నింటెండో వాళ్ళు ఫ్యామికామ్ అని ఒక మెషిన్ తెచ్చారు. అమెరికాలో దాని పేరే ఎన్ఈఎస్. మనింట్లో ఉన్నది దానికి కాపీ. విప్పి చూస్తే లోపల పెద్దగా ఏమీ ఉండదు, ఆకుపచ్చ బోర్డు మధ్యలో నల్లటి జిగురు బొట్టు. అసలు మెషిన్‌లో విడివిడిగా ఉన్న చిప్పుల పనంతా ఆ బొట్టు కింద చేసేస్తుంది. అసలు మెషిన్లు ప్రపంచం మొత్తం మీద 6 కోట్ల 19 లక్షలు అమ్ముడుపోయాయని నింటెండో లెక్క. అందులో మీ ఇంట్లోది, మా ఇంట్లోది లేవు. మనం లెక్కలో లేని పిల్లలం. అందుకేనేమో ఫార్వర్డుల్లో కూడా మన డబ్బా ఫోటో రాదు.

ఆట పడకపోతే క్యాసెట్ తీసి ఊదడం గురించి ప్రతివాడూ రాస్తాడు, నేను రాయను. తీసి మళ్ళీ పెట్టడం వల్ల పనిచేసేది, ఊదినందుకు కాదు. ఉమ్మి తుంపర్లకి కాంటాక్టులు తుప్పు పట్టడం ఒక్కటే జరిగేది.

నేను రాయాలనుకునేది ట్యాంక్ గురించి. దాని అసలు పేరు బాటిల్ సిటీ, 1985లో నామ్‌కో వాళ్ళది. కింద మధ్యలో గద్ద బొమ్మ, దాని చుట్టూ ఇటుక గోడ, పైనుంచి ఒకదాని తర్వాత ఒకటి ఇరవై ట్యాంకులు. ఇద్దరం ఒకే తెర మీద, ఒకే వైపు. నా గుండు చెల్లి ట్యాంకుకి తగిలితే అది చావదు, కాసేపు కదలకుండా ఆగిపోతుంది. ఆ కాసేపట్లో శత్రువు వచ్చి గద్దని కొట్టేస్తే ఆట ఇద్దరికీ పోతుంది. మా ఇంట్లో మొదటి జుట్టు పట్టుకునే గొడవ ఆ కాసేపటి గురించే. అందులోనే మన సొంత మ్యాప్ కట్టుకునే వీలు ఉండేది. చెల్లి దాంట్లో ఇటుకలతో తన పేరు రాసేది. నేను ఆ పేరుని గుండ్లతో పగలగొట్టేవాణ్ణి.

కాంట్రా అనే తుపాకుల ఆట అందరికీ తెలుసు. పైన పైన, కింద కింద, ఎడమ కుడి ఎడమ కుడి, బి, ఏ అని నొక్కితే ముప్పై లైఫులు వస్తాయని ఇప్పుడు టీ షర్టుల మీద కూడా వేస్తున్నారు. ఆ వరసని పెట్టినాయన కజుహిసా హషిమోటో. గ్రాడియస్ అనే ఆటని ఇంటి మెషిన్‌కి మార్చేటప్పుడు, పరీక్షించడానికి తనకే కష్టంగా ఉందని పెట్టుకున్నాడు. 2020లో పోయాడు. మాకు ఆయన అవసరం పడలేదు, మా క్యాసెట్‌లో ముప్పై లైఫులు ముందే ఉండేవి. జలపాతం లెవెల్లో మాత్రం ముప్పై కూడా చాలేవి కావు. ఒకడు గబగబా పైకి ఎగిరితే తెర వాడితో పాటు పైకి వెళ్తుంది, కింద మిగిలినవాడు చచ్చిపోతాడు. నేను ఎప్పుడూ ముందు ఎగిరేవాణ్ణి. చెల్లి లైఫులు నావల్లే అయిపోయేవి, తిట్లు మాత్రం తనకి.

మారియో ఆట గురించి ఒక్క ముక్క. మేఘాలు, పొదలు ఒకటే బొమ్మ, రంగు మార్చారంతే. క్యాసెట్‌లో చోటు లేక. ఆట మొత్తం 40 కిలోబైట్లు. మీ పెద్దమ్మ పంపే గుడ్ మార్నింగ్ గులాబీ దానికంటే బరువు.

ఇంక "మా కాలంలో పిల్లలు బయట ఆడుకునేవాళ్ళు, ఇప్పుడు ఫోన్లకి అతుక్కుపోయారు" అనే బ్యాచ్. నేనూ అదే కాలం వాణ్ణి. ఏప్రిల్ ఎండలో కిటికీలు మూసి, ఫ్యాన్ కింద, డయానోరా టీవీకి రెండడుగుల దూరంలో కూర్చుని కళ్ళు ఎర్రబడేదాకా ఆడాను. అడాప్టర్ చెయ్యి పెట్టలేనంత కాలేది. అమ్మ దాని మీద తడిగుడ్డ వేయబోతే నాన్న పరుగెత్తుకొచ్చి ఆపాడు. "పిక్చర్ ట్యూబ్ పోతుంది" అని నాన్న రోజూ తిట్టేవాడు. అప్పట్లో తెలుగునాట నాన్నలందరికీ ఈ ఒక్క వాక్యం ఎవరు నేర్పారో! పూర్తిగా అబద్ధమూ కాదు, కదలని బొమ్మ గంటలకొద్దీ ఉంటే పాత టీవీల్లో మచ్చ పడేది. సెలవులయ్యాక రిమోట్లు బియ్యం డబ్బాలోకి వెళ్ళాయి. మా అబ్బాయి ఫోన్ ఇప్పుడు నా బీరువాలో ఉంది. తేడా ఏముంది?

పాత ఆటలు అమాయకమైనవి, ఇప్పటివి డబ్బు గుంజుతాయి అని కూడా అంటారు. ట్రంకు రోడ్డు సందులో కాయిన్ గేమ్ షాపుకి వెళ్ళినవాడెవడూ ఆ మాట అనడు. రూపాయి బిళ్ళ వేసి ముస్తఫా ఆడేవాళ్ళం. 1993లో క్యాప్‌కామ్ తెచ్చిన ఆ ఆట పేరు క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్. మూలం ఒక అమెరికన్ కామిక్, చేసింది జపాన్ కంపెనీ, అందులో జాక్ అని ఒక హీరో కూడా ఉన్నాడు. వాణ్ణి మా ఊళ్ళో ఎవడూ లెక్కచేయలేదు. పరుగెత్తి తన్నే ముస్తఫా నచ్చాడు, ఆట పేరే ముస్తఫా అయిపోయింది. నెల్లూరు అనే కాదు, దేశంలో చాలా ఊళ్ళలో అదే పేరు. ఆ ఆటను ఇంటి మెషిన్ల కోసం క్యాప్‌కామ్ ఎప్పుడూ అధికారికంగా అమ్మలేదు. ఆడాలంటే ఆ బీడీ కంపులో నిలబడాల్సిందే, తర్వాతైతే నెట్ సెంటర్లో దొంగ కాపీ ఆడాల్సిందే. ఆ మెషిన్లలో లోపలి సెట్టింగులు ఉండేవి. ఆట ఎంత కష్టంగా ఉండాలి, బిళ్ళకి ఎన్ని లైఫులు ఇవ్వాలి అన్నది యజమాని వాటితో మార్చుకోవచ్చు. అంటే దసరా సెలవుల్లో నేను తొందరగా చచ్చిపోవడం వెనక నా చేతకానితనమే కాదు, ఇంకొకరి వేలు కూడా ఉండొచ్చు. పాల డబ్బుల్లో నేను కొట్టేసిన చిల్లర ఎటు పోయిందో ఇంకా లెక్క తేలలేదు. అమ్మా, నువ్వు ఇది చదివితే, అయిపోయిన విషయం, వదిలెయ్.

ఇంకో సంగతి. ఆ షాపులో నేను ఒక్క ఆడపిల్లని కూడా చూడలేదు. ఒక్కరినంటే ఒక్కరిని. చెల్లి రెండుసార్లు అడిగింది తీసుకెళ్ళమని, "అక్కడికి ఆడపిల్లలు రారు" అన్నాను, ఏదో రూలు ఉన్నట్టు. ఇంట్లో కూడా దానిది ఎప్పుడూ నా తర్వాతే. మగపిల్లల జ్ఞాపకాలే 90ల జ్ఞాపకాలుగా చలామణి అవుతున్నాయంటే కారణం ఇదే. రిమోట్ ఎవడి చేతిలో ఉందో వాడే కదా కథ చెప్పేది.

అనుకున్నాను. గ్రూపులో నా రుసరుస చదివి ఆ రాత్రి చెల్లి హైదరాబాద్ నుంచి ఫోన్ చేసింది.

ఆ నారింజ గన్నుతో బాతుల ఆట ఉండేది కదా, డక్ హంట్. గన్ను నుంచి ఏమీ బయటికి రాదు, అదే తెరని చూస్తుంది. ట్రిగ్గర్ నొక్కగానే తెర రెప్పపాటు నల్లబడి, బాతు ఉన్న చోట మాత్రం తెల్ల గడి వెలుగుతుంది. గన్ను మూతికి ఆ తెలుపు కనపడితే తగిలినట్టు. ముందు నలుపు ఎందుకంటే, ఎవడైనా బల్బు వైపు గురిపెట్టి మోసం చేయకుండా. ఇప్పటి ఎల్ఈడీ టీవీల్లో బొమ్మ కొంచెం ఆలస్యంగా పడుతుంది కాబట్టి ఆ పాత గన్ను పనికిరాదు. ఇవన్నీ నాకు తెలుసు. ఆ గన్ను పెట్టడానికి రెండో రిమోట్ పీకాలి. గన్ను నాది. మిగిలిన రిమోట్ చెల్లి చేతిలో, మెనూలో ఆట ఎంచి స్టార్ట్ నొక్కడం దాని పని. తర్వాత ఆ రిమోట్‌తో పనేమీ ఉండదు కాబట్టే దానికి ఇచ్చాను. రెండు బాతులు ఎగిరే ఆటలో నాకు గురి బాగానే కుదిరేది. ఒక్క బాతు ఆటలోనే, అదేం ఖర్మో, సరిగ్గా నొక్కే ముందు బాతు పక్కకి తిరిగేది, గడ్డిలోంచి కుక్క లేచి నన్ను చూసి నవ్వేది.

"ఒక్క బాతు ఆటలో ఆ రిమోట్‌తో బాతుని తిప్పొచ్చన్నయ్యా," అంది చెల్లి.

నేను నమ్మలేదు. ఫోన్ పెట్టకుండానే వెతికి చూశాను. నిజమే. ఆట తయారుచేసినవాళ్ళే పెట్టారు, ఒకరు కాల్చడానికి, ఇంకొకరు బాతుని తప్పించడానికి.

"ఎప్పట్నుంచి తెలుసు?"

"రెండో రోజు నుంచి."

"మరి అప్పుడే చెప్పొచ్చు కదే?"

"చెబితే లాక్కునేవాడివిగా," అంది.