మందు లేని చోట రోగం లేదు

మా అనంతపురం జిల్లా పల్లెల్లో షుగర్ జబ్బును మాయం చేసే పద్ధతి ఒకటి చాలా కాలంగా అమల్లో ఉంది. దీన్ని ఇంతవరకూ ఏ అంతర్జాతీయ సదస్సూ గుర్తించకపోవడం విచారకరం. ఈ పద్ధతికి నడక అక్కర్లేదు, పథ్యం అక్కర్లేదు, కొర్రన్నం తినే శిక్ష కూడా లేదు. ఒక స్టాక్ రిజిస్టరు, ఒక కాలిక్యులేటరు చాలు. మందుల సరఫరా బాగుచేసుకోవాలని తంటాలు పడుతున్న పేద దేశాలన్నీ నోట్ చేసుకోవాలని మనవి.

ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం పరిధిలో షుగర్ ఉన్నవాళ్ళు 300 మంది అనుకుందాం. మనిషికి రోజుకు రెండు మెట్‌ఫార్మిన్ మాత్రలు. నెలకు 18,000 కావాలి. మూడు నెలల కోటాగా వచ్చిన పెట్టెలు విప్పితే అందులో ఉన్నవే 18,000. మొదటి నెలలోనే అయిపోతాయి. మిగతా రెండు నెలలూ "మాత్రలు లేవవ్వా, బయట తెచ్చుకో" అని ఫార్మసిస్టు చీటీ రాసిస్తాడు. అవ్వ దగ్గర డబ్బుంటే మెడికల్ షాపుకు పోతుంది, లేకుంటే ఇంటికి పోతుంది. ఎటు పోయినా రిజిస్టరుకు ఎక్కదు.

ఇక క్వార్టర్ ఆఖరున అసలు వైద్యం మొదలవుతుంది. మూడు నెలల్లో వాడింది 18,000. మూడుతో భాగిస్తే నెలకు 6,000. పై ఆఫీసులో ఎవరో దయగల అధికారి, జనాభా పెరుగుతోంది కదా అని పది శాతం కలిపి నెలకు 6,600 మంజూరు చేస్తాడు. అది 110 మందికి సరిపోతుంది. అంటే ఒక్క సూది గుచ్చకుండా, ఒక్క రక్త పరీక్ష చేయకుండా 190 మందికి షుగర్ నయమైపోయింది. వచ్చేసారి లారీ ఆలస్యమై ఆ క్వార్టర్ మొత్తం ఒక్క మాత్ర కూడా రాలేదనుకోండి, వాడకం సున్నా. వాడకం సున్నా అంటే అవసరం సున్నా. మిగిలిన 110 మంది కూడా ఆరోగ్యవంతులే. మసూచిని పారదోలడానికి ప్రపంచమంతా ఎంత తిరిగిందో తలచుకుంటే జాలేస్తుంది.

సరఫరా శాస్త్రం చదువుకున్నవాళ్ళు దీనికి అడ్డం చెబుతారు. వాడకాన్ని క్వార్టర్‌లోని 90 రోజులతో కాదయ్యా, మందు నిజంగా బీరువాలో ఉన్న 30 రోజులతో భాగించాలి అంటారు. వినడానికి చిన్న మార్పే. కానీ అలా భాగిస్తే నెలకు మళ్ళీ 18,000 తేలుతుంది, నయమైపోయిన 300 మందీ ఒక్కసారిగా రోగులై లేచి కూర్చుంటారు. వాళ్ళందరికీ మాత్రలు ఎవరు కొనాలి? అందుకే ఈ లెక్క పుస్తకాల్లోనే ఉంటే అందరికీ క్షేమం.

ఫార్మసిస్టు ఎక్కువ అడగొచ్చు కదా అంటారు కొందరు. అడిగి చూడమనండి. అడిగినవి వచ్చి, వాటిలో రెండు పెట్టెలు ఎక్స్‌పైరీ అయితే అది నేరం. దానికి బ్యాచ్ నంబరుంది, తేదీ ఉంది, ఆడిట్‌కు వచ్చినాయన చేత్తో పట్టుకుని చూపించి సంజాయిషీ అడగొచ్చు. లేని మాత్రకు బ్యాచ్ నంబరు ఉండదు. లేని మాత్రను పట్టుకుని ఏ ఆడిటరూ ఎవర్నీ నిలదీయలేదు. కాబట్టి తెలివిగలవాడు తక్కువే అడుగుతాడు. నేనైనా అంతే చేస్తాను. ఇప్పుడు కంప్యూటర్లు వచ్చాయి, కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ సంస్థ సీ-డాక్ చేసిన ఇ-ఔషధి అనే మందుల లెక్కల సాఫ్ట్‌వేరు వచ్చింది, ఏ గోడౌన్‌లో ఏ బ్యాచ్ ఎంతుందో తెర మీద కనబడుతుంది. చాలా సంతోషం. అయితే ఎంత గొప్ప సాఫ్ట్‌వేరైనా ఇచ్చిన మాత్రను లెక్కపెడుతుంది గానీ, ఇవ్వని మాత్రను దానంతటది లెక్కపెట్టదు. దాన్ని ఎవరో ఒకరు కూర్చుని రాయాలి. అలా రాయడమంటే తన మీద తానే ఫిర్యాదు రాసుకోవడం.

సరుకు తెప్పిస్తే తనకేదైనా మిగిలేవాడే దాన్ని తెప్పిస్తాడు. ఈ మాట ఆఫ్రికాలోని జాంబియాలో ముందే తేలింది. కూల్‌డ్రింక్ దొరకని పల్లె లేదు, విరేచనాల మందు దొరికే పల్లె లేదు, మరి కూల్‌డ్రింక్ క్రేట్‌లో సీసాల మధ్య ఖాళీల్లో ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు దూర్చి పంపితే పోలా అని 2012 ప్రాంతంలో కోలాలైఫ్ అనే సంస్థ ప్రయత్నించింది. తీరా చూస్తే ఆ ఖాళీల్లో పెట్టుకుని తీసుకెళ్ళినవాళ్ళు కొద్దిమందే. ప్యాకెట్లు మాత్రం పల్లెలకు చేరాయి. ఎందుకంటే ఒక్కోటి అమ్మితే అంగడాయనకు నాలుగు డబ్బులు మిగిలాయి. పైగా లీటరు ప్యాకెట్ బదులు పసిబిడ్డకు సరిపోయేలా 200 మిల్లీలీటర్ల ప్యాకెట్ చేశారు. మన కుందుర్పిలోనూ అంతే. ఎండాకాలం సోడాలు అయిపోతే అంగడాయన మరో రెండు క్రేట్లు పంపమని ఫోన్ చేస్తాడు. సోడాలు లేవు కాబట్టి ఈ ఊళ్ళో ఎవరికీ దాహం లేదని ఆయన ఎన్నడూ తేల్చలేదు. ఆయనకు మేనేజ్‌మెంట్ శిక్షణ లేకపోవడమే దీనికి కారణమని నా అనుమానం.

అంత దూరం ఎందుకు, పక్కనే తమిళనాడు ఉంది. 1994లో మందుల కార్పొరేషన్ పెట్టి, ప్రతి ఆసుపత్రికీ ఒక పాస్‌బుక్ ఇచ్చారు. ఏడాదికి నీ వాటా ఇంత, ఆ విలువలో నీకేం కావాలో నువ్వే గోడౌన్‌కు వచ్చి తీసుకో అన్నారు. ఈ వివరం మన అధికారులకు తెలియదని కాదు. స్టడీ టూర్ అన్నాక విమానం ఎక్కాలి కదా, చెన్నై మరీ దగ్గరైపోయింది.

అదే చెన్నై దాపున ఇరుళ గిరిజనులు 1978లో సహకార సంఘం పెట్టుకుని పాముల విషం తీస్తున్నారు. మన దేశంలో పాముకాటు మందుకు ఆ విషమే ప్రధాన ఆధారం. పాముకాటు విషయంలో మాత్రం తప్పంతా పాములదే. దేశంలో ఏటా సుమారు 58,000 మంది పాముకాటుతో చనిపోతున్నారని 2020లో వెలువడిన అధ్యయనం లెక్కగట్టింది. అందులో సగం మరణాలు జూన్ నుంచి సెప్టెంబర్ లోపలే. చేలో శెనక్కాయ చెట్టు ఉన్న కాలమే అది. కోటాను మనం నాలుగు క్వార్టర్లకు న్యాయంగా, సమానంగా పంచుతుంటే, ఈ రక్తపింజరలకు ఆర్థిక సంవత్సరమంటే లక్ష్యమే లేదు. పైగా విషమెక్కిన మనిషికి మొదటి విడతలోనే 8 నుంచి 10 సీసాల మందు ఎక్కించాలి. ఆసుపత్రిలో రెండే ఉంటే పాము అయిదో వంతే కరిచి ఆగాలన్న ఇంగితం ఉండొద్దా?

కనుక జిల్లాలోని నాగుపాములు, కట్లపాములు, రక్తపింజరలు, చిన్న పింజరలు అన్నింటికీ ఒక సర్క్యులర్ పంపాలని ప్రతిపాదిస్తున్నాను. వానాకాలం కాట్లలో సగం జనవరికి వాయిదా వేసుకోవాలి. రాత్రిపూట మోటారు వేయను పోయే రైతును కరవదలచిన పాము మందు కావాలని మూడు నెలల ముందే ఇండెంట్ పెట్టాలి. ఓపీ వేళలు దాటాక కరిస్తే జిల్లా ఆసుపత్రి దాకా ఆటో చార్జీ పామే భరించాలి. ఆడిట్ అభ్యంతరాలేవీ రాకుండా, కరిచిన వెంటనే రసీదు ఇవ్వాలి.