కూల్చొద్దన్నారు సరే, కప్పు ఎవరు బాగుచేస్తారు?

2010 ఏప్రిల్‌లో మద్రాసు హైకోర్టు ఒక మంచి తీర్పు ఇచ్చింది. మౌంట్ రోడ్డు మీద 1897 నాటి భారత్ ఇన్సూరెన్స్ భవనాన్ని కూల్చొద్దని చెప్పింది. నగరంలో నాలుగు వందలకు పైగా పాత కట్టడాలకు రక్షణ కల్పించి, వాటి సంగతి చూడడానికి ఒక హెరిటేజ్ కమిటీ ఉండాలంది. ఆ తీర్పే లేకపోతే ఆ భవనం ఈపాటికి ఫొటోల్లోనే ఉండేది. అయితే తీర్పు వచ్చాక కూడా ఏళ్ల తరబడి అది శిథిలంగానే నిలబడి ఉంది. కూల్చకుండా ఆపడం మనకు వచ్చింది గానీ బతికించడం ఇంకా రాలేదు.

పెద్ద భవనాల గురించి మాట్లాడడానికి మనుషులున్నారు, పేపర్లున్నాయి. నా టెన్షన్ అంతా కోటకు ఉత్తరాన ఉన్న పాత పేటల్లో, అంటే జార్జిటౌన్ వీధుల్లో మిగిలిన పాత ఇళ్ల గురించి. ఆ పేటలు పుట్టిన తీరు తెలుగువాళ్లకు తెలిసి ఉండాలి. 1639లో ఈస్టిండియా కంపెనీకి ఈ చోటు ఇచ్చింది ఇక్కడి పాలకులైన దామెర్ల వారు, చెన్నపట్నం అన్న పేరు దామెర్ల చెన్నప్ప నాయకుడి మీదుగా వచ్చింది. మొదటి ఊరు కంపెనీ కట్టిన సెయింట్ జార్జి కోటకు ఉత్తరంగా, సరిగ్గా ఇప్పుడు హైకోర్టు ఉన్న చోట ఉండేది. ఫ్రెంచివాళ్లు 1746లో కోట పట్టుకుని 1749లో వదిలి వెళ్లాక, శత్రువు దాక్కోవడానికి వీల్లేకుండా ఇంగ్లీషువాళ్లు ఆ ఊరినే నేలమట్టం చేశారు. చెన్నకేశవుడి గుడి కూడా అందులోనే పోయింది. జనం ముత్యాలపేటకీ పెద్దనాయకన్ పేటకీ సర్దుకున్నారు. ఆ పెద్ద నాయకుడు ఊరి కావలి బాధ్యత చూసిన తెలుగువాడు. అంటే ఇప్పుడు మనం పాత ఊరు అంటున్నది నిజానికి ఒక ఊరు పోయాక కట్టుకున్న రెండో ఊరు.

ఈ రెండో ఊళ్లో ఇళ్లు వీధి వైపు సన్నగా, లోపలికి పొడుగ్గా ఉంటాయి. ముందు అరుగు, దాని మీద కొయ్య స్తంభాలు, తర్వాత సన్నటి నడవ, మధ్యలో ఆకాశానికి తెరుచుకున్న మండువా, ఇంకా వెనక్కి వెళితే వంటిల్లు, బావి. పక్కింటికీ మనింటికీ ఒకటే గోడ. గాలీ వెలుతురూ రావాలంటే పక్కల నుంచి దారి లేదు కాబట్టి మండువాయే ఇంటికి ఊపిరి. దాని మీద ప్లాస్టిక్ రేకు వేసి గోడౌన్ చేసుకున్న ఇళ్లు ఇప్పుడు కోకొల్లలు. ముందు గోడకు రంగు వేసి ఉంటుంది, లోపల ఊపిరాడదు.

అసలు గొప్పతనం కప్పులో ఉంది. మద్రాస్ టెర్రస్ అంటారు. టేకు దూలాలు దగ్గర దగ్గరగా పరిచి, వాటి మీద చిన్న పలుచని ఇటుకల్ని నిలువుగా, మూలకు ఏటవాలుగా, సున్నంతో ఒకదానికొకటి అతికిస్తూ పోతారు. కింద సెంట్రింగ్ అక్కర్లేదు, ఇటుక ఇటుకను పట్టుకుంటుంది. దాని మీద ఇటుక ముక్కలూ సున్నమూ కలిపిన కాంక్రీటు మూడు నాలుగు అంగుళాల మందాన వేసి, బెల్లమూ కరక్కాయా నానబెట్టిన నీళ్లు చల్లుతూ ఆడవాళ్లు వరసగా కూర్చుని రోజుల తరబడి కొయ్య బద్దలతో కొట్టేవారు. పైన పలక పెంకులు. గోడలకు సముద్రపు గుల్లలు కాల్చి తీసిన సున్నం, చివరి పూతలో కోడిగుడ్డు తెల్లసొన. పాలరాయిలా మెరిసే ఆ మద్రాసు గచ్చును చూసి వచ్చిపోయిన తెల్లదొరలు తమ రాతల్లో మెచ్చుకున్నారు. కష్టపడి కొట్టిన ఆడవాళ్ల పేర్లు మాత్రం ఎవరూ రాసి పెట్టలేదు, అది నన్ను బాధపెడుతుంది.

ఇలాంటి ఇంటిని ఇప్పుడు ఎలా బాగుచేస్తున్నారో చూడండి. గోడ రాలిపోతోందని సిమెంటు పూస్తారు. సున్నం గోడ చెమ్మ పీల్చి మళ్లీ బయటికి వదిలేస్తుంది, అందుకే సముద్రం పక్కన ఇన్నేళ్లు నిలిచింది. సిమెంటు పూతేమో చెమ్మను లోపలే బంధిస్తుంది. నీటితో పాటు వచ్చిన ఉప్పు ఇటుకలో గడ్డకట్టి ఉబ్బుతుంది, రెండు మూడు వానాకాలాల తర్వాత సిమెంటు ఇటుక పొరను కూడా పట్టుకుని ఊడి పడుతుంది. అప్పుడు మేస్త్రీ ఇంకా మందంగా సిమెంటు కొడతాడు. పైన మేడ మీద ఒక బాత్రూమ్ కడతారు, దాని పైపు కారుతుంది. దూలం మొత్తం బాగానే కనిపిస్తుంది గానీ గోడలోకి దిగిన కొసలు ముందు కుళ్లిపోతాయి, అవి బయటికి కనపడవు. ఒక రోజు కప్పు జారుతుంది, ఇల్లు ప్రమాదకరం అంటారు, ప్రమాదకరం అన్నాక ఇక కూల్చడానికి ఎవరూ అడ్డు రారు.

ఇందులో ఇంటివాళ్ల తప్పే ఉందని నేను అనుకోవడం లేదు. 1960 నాటి అద్దె చట్టం కింద దశాబ్దాల పాటు నామమాత్రపు అద్దె వచ్చిన ఇంటికి టేకు దూలం ఎవరు మారుస్తారు? 2017లో కొత్త చట్టం చేశారు గానీ అప్పటికే జరగాల్సిన నష్టం జరిగిపోయింది. పైగా అన్నదమ్ముల వాటాలు, కోర్టు కేసులు. మా బంధువుల ఇంట్లో ఇదే గొడవ చూశాను. కప్పు కారుతోందని అందరికీ తెలుసు, సంతకం పెట్టడానికి అందరూ ఒకచోట చేరరు. కాపాడాల్సిన పాత కట్టడాల జాబితాలో పేరు చేరితే ఆ ఇంటివాళ్లకు వచ్చేది ఏమిటి? ఆంక్షలు మాత్రమే వస్తే వాళ్లు ఆ జాబితాను శత్రువులాగే చూస్తారు. ముంబయి 1995లోనే హెరిటేజ్ నియమాలు తెచ్చి, కట్టుకోలేకపోయిన అంతస్తుల హక్కును వేరే చోట అమ్ముకునే వీలు ఇచ్చింది. అక్కడా లోపాలు ఉన్నాయి, కానీ ఇంటివాడి చేతిలో ఏదో ఒకటి పెట్టాలన్న ఆలోచన సరైనది.

మద్రాసులో ఒక ఇంటి గురించి తెలుగువాళ్లమంతా చెప్పుకుంటాం. బులుసు సాంబమూర్తి గారి ఇల్లు, పొట్టి శ్రీరాములు 58 రోజులు నిరాహారదీక్ష చేసి 1952 డిసెంబరు 15న ప్రాణం వదిలిన చోటు. చెప్పుకోవాలి కూడా. కానీ త్యాగరాజస్వామి పట్నం వచ్చినప్పుడు దిగిన కోవూరు సుందర మొదలియార్ ఇల్లు ఉన్న జార్జిటౌన్ బందరు వీధి సంగతి మనలో ఎంతమందికి పట్టింది? తెలుగు కీర్తనలు అలాంటి మండువాల్లోనే కదా పాడుకున్నారు. మహానుభావులు అడుగుపెట్టిన ఇల్లు అయితేనే కాపాడాలంటే, పప్పుల వ్యాపారీ లెక్కలు రాసిన గుమాస్తా బతికిన ఇళ్లన్నీ పోతాయి, అప్పుడు వీధి ఎలా ఉండేదో చెప్పడానికి ఏమీ మిగలదు.

ఇంకో విషయం ఎవరూ పట్టించుకోవడం లేదు, ఉమ్మడి గోడ. జాబితాలో ఉన్న ఇంటిని ముట్టుకోకుండానే, పక్కింటిని పడగొట్టి పునాదికి లోతుగా తవ్వితే చాలు, పాత గోడ పగులుతుంది. కాబట్టి రక్షణ ఒక్కో ఇంటికి కాదు, కనీసం వరసలో ఉన్న నాలుగైదు ఇళ్లకు కలిపి ఉండాలి. పక్కన తవ్వే ముందు గోడకు ఆసరా పెట్టారా అని చూసి సంతకం చేసే ఇంజనీరు ఉండాలి.

డబ్బు విషయానికొస్తే కోట్లు అక్కర్లేదు. జాబితాలో ఉండి, లోపల మనుషులు కాపురం ఉంటున్న ఇళ్లకు ఆస్తి పన్ను తగ్గించాలి. గానుగ సున్నంతో చేసిన రిపేరుకు ఖర్చులో కొంత భాగం తిరిగి ఇవ్వాలి. సున్నం పని తెలిసిన పెద్ద మేస్త్రీల దగ్గర కుర్రాళ్లకు జీతమిచ్చి పని నేర్పించాలి, ఎందుకంటే ఆ చేతులు పోతే నిధులున్నా లాభం లేదు. కమిటీ తనిఖీకి వచ్చేవాళ్లు వీధిలో నిలబడి ముందు గోడ ఫొటో తీసుకుని వెళ్లిపోకుండా, అక్టోబరులో వానలు మొదలయ్యే లోపు నిచ్చెన వేసుకుని మేడ ఎక్కి, నీళ్లు పోయే తూములు తీసి ఉన్నాయా, దూలాల కొసలు గట్టిగా ఉన్నాయా అని తట్టి చూడాలి.